పాత డాస్ కంప్యూటర్లో ప్రింట్ స్క్రీన్: తెర మీదిది కావలసిన చోటికి మళ్లించే పద్ధతులు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, సూర్యాపేట, బాదేపల్లి మార్కెట్ల చుట్టుపక్కల కాంటాల దగ్గర డాస్ (విండోస్‌కు ముందునాటి ఆపరేటింగ్ సిస్టం) మీద నడిచే కంప్యూటర్లు ఇప్పటికీ కొన్ని పని చేస్తున్నాయి. లారీ ఎక్కుతుంది, తెర మీద గ్రాస్ (సరుకుతో మొత్తం బరువు), టేర్ (ఖాళీ లారీ బరువు), నెట్ (సరుకు బరువు) కనబడతాయి, ప్రింట్ స్క్రీన్ కొడితే డాట్ మ్యాట్రిక్స్ మీద చీటీ వస్తుంది. ఇబ్బంది ప్రింటరు పోయిన రోజున మొదలవుతుంది. ప్రోగ్రాం రాసినవాళ్లు అందుబాటులో ఉండరు, సోర్సు దొరకదు. అలాంటప్పుడు ప్రోగ్రాంను ముట్టుకోకుండానే ఆ చీటీని రెండో ప్రింటరుకో, లాప్‌టాప్‌లో ఫైలుకో పంపవచ్చు. ఎలాగో కింద వివరంగా ఉంది.

ఒక సూచన. ఇక్కడ ఆదేశాలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. కీబోర్డు మీద వాటి ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. అంకెలు, కోలన్లు, కామాలు, స్పేసులు మాత్రం ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే కొట్టాలి.

ముందు దారి తెలియాలి

చాలామంది మొదట చేసే ప్రయత్నం, ప్రోగ్రాం పేరు పక్కన > గుర్తు పెట్టి ఫైలు పేరు ఇవ్వడం. అది డాస్ పంపే అక్షరాలకే పనిచేస్తుంది. ప్రింట్ స్క్రీన్ అసలు డాస్‌ను అడగదు. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచీ ఆ మీట నొక్కగానే ఇంటరప్ట్ 5 పిలుపు (చేస్తున్న పని ఆపి వేరే పనికి మళ్లమనే సంకేతం) వెళ్తుంది. బయోస్, అంటే కంప్యూటరు బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాం, తెర మీది అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి, ఇంటరప్ట్ 17 ద్వారా మొదటి ప్రింటరుకు, అంటే ఎల్‌పీటీ1కు పంపుతుంది. 101 మీటల కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ ఒక్కటే చాలు. 83, 84 మీటల పాత కీబోర్డుల మీద షిఫ్ట్‌తో కలిపి నొక్కాలి.

డాస్ ద్వారా వచ్చే అచ్చు కూడా చివరికి ఆ ఇంటరప్ట్ 17 దగ్గరికే చేరుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు, సూర్యాపేట నుంచి వచ్చే బస్సు హైవే మీద నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు తిరిగినట్టే. చౌటుప్పల్ దగ్గర బస్సు ఆపితే సూర్యాపేట బస్సు ఆగదు. > గుర్తు చేసే పని అదే. నార్కట్‌పల్లి దగ్గర మళ్లిస్తే రెండూ మళ్లుతాయి. కింద చెప్పే మోడ్ ఆదేశమూ, బయోస్ పట్టిక మార్పూ ఆ కూడలి దగ్గర పని చేసేవే.

మూడో రకం కూడా ఉంది. కొన్ని ప్రోగ్రాంలు డాస్‌నూ బయోస్‌నూ పక్కన పెట్టి నేరుగా పోర్టుకే రాస్తాయి. వాటికి మోడ్ పనిచేయదు.

మీది ఏ రకమో పరీక్షించండి. డాస్ ప్రాంప్టు దగ్గర డిర్ > ఎల్‌పీటీ1 కొట్టండి, తర్వాత ప్రింట్ స్క్రీన్ నొక్కండి, ఆ తర్వాత ప్రోగ్రాంలోంచి చీటీ తీయండి. మళ్లింపు పెట్టాక మొదటి రెండూ కొత్త చోటికి వెళ్లి మూడోది మాత్రం పాత పోర్టుకే పోతే, ఆ ప్రోగ్రాం నేరుగా పోర్టుకు రాస్తున్నదని అర్థం. ఆ పరీక్షకు ముందే పాత ప్రింటరును తీసేయకండి.

రెండో ప్యారలల్ పోర్టు ఉంటే

ఇది అన్నిటికన్నా తేలిక. ఎల్‌పీటీ1 పోర్టు పాడై ఎల్‌పీటీ2 బాగుంటే, బయోస్ దాచుకున్న పట్టికలో రెండు అడ్రసులనూ తారుమారు చేస్తే చాలు. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాంను తెరవడానికి డీబగ్ అని కొట్టండి. చిన్న గీత ప్రాంప్టుగా వస్తుంది. అక్కడ

డీ 40:8 ఎల్ 6

అని కొడితే 78 03 78 02 00 00 లాంటిది కనబడుతుంది. జతలో వెనకది ముందు రాస్తారు కాబట్టి అవి 378, 278 అడ్రసులు. కొన్ని పాత కార్డుల్లో 3బీసీ కూడా ఉంటుంది. రెండో జత 00 00 అయితే మీకు రెండో పోర్టు లేదు, ఈ పద్ధతి వదిలేయండి. ఉంటే

ఈ 40:8 78 02 78 03

అని కొట్టి (మొదటి ఈ ఇంగ్లీషు అక్షరం), క్యూ కొట్టి బయటికి రండి. కరెంటు పోయి మళ్లీ వస్తే పట్టిక మొదటికొస్తుంది. అందుకే ఆ 'ఈ' వరసనూ క్యూ వరసనూ ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, కంప్యూటరు మొదలవగానే డాస్ తనంతట తానే నడిపే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో డీబగ్ < ఆ ఫైలు పేరు అని పెట్టండి. క్యూ తర్వాత ఎంటర్ కొట్టడం మరిచిపోతే డీబగ్ అక్కడే ఎదురుచూస్తూ ఉండిపోతుంది, కంప్యూటరు బూట్ కాదు. ఇంకో జాగ్రత్త: 40:0ఈ దగ్గరి రెండు బైట్లు ముట్టుకోవద్దు. తర్వాతి తరం యంత్రాల్లో అక్కడ బయోస్ తన సొంత డేటా ఎక్కడుందో దాచుకుంటుంది.

పట్టికను చదివి పోర్టుకు రాసే ప్రోగ్రాంలకు కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. 378 అని గట్టిగా రాసుకున్నవాటికి పనిచేయదు.

సీరియల్ దారి: చీటీని లాప్‌టాప్‌లో ఫైలుగా పట్టుకోవడం

ప్రింటరే దొరకని చోట, చీటీల నకలు దాచుకోవాలనుకునే చోట ఇదే మేలైన దారి. ప్యారలల్ కేబుల్ 3 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. సీరియల్ కేబుల్ 9600 వేగంతో 15 మీటర్ల దాకా నిక్కచ్చిగా నడుస్తుంది. కాంటా క్యాబిన్ నుంచి గుమస్తా గదికి వేసుకోవచ్చు.

కాంటా కంప్యూటర్లో మొదట చూడవలసింది ఇండికేటర్ (కాంటా బరువు చూపే పెట్టె) ఎక్కడ కలిసి ఉందో. ఎక్కువచోట్ల బరువు కామ్1 (మొదటి సీరియల్ పోర్టు) ద్వారానే వస్తుంది. మోడ్ ఆదేశం ఆ పోర్టు మీద పెడితే దాని వేగం మారిపోయి తెర మీద బరువు రావడం ఆగిపోతుంది. కాబట్టి చీటీలకు కామ్2 వాడండి. ఇండికేటర్ పెట్టెను మాత్రం తెరవకండి. తూనికలు కొలతల శాఖ వేసిన సీలు తెగితే మళ్లీ ముద్ర పడేదాకా ఆ కాంటా వాడకూడదు. మన పని మొత్తం కంప్యూటరు వెనకే.

కావలసినవి: లాప్‌టాప్‌కు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ ఒకటి (ఎఫ్‌టీడీఐ లేదా సీహెచ్340 చిప్పుది), 9 పిన్నుల ఆడ కనెక్టర్లు 2, కావలసినంత పొడవున మూడు తీగల షీల్డు కేబుల్, టంకం సామాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో యూఎస్‌బీ కేబుల్, కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టర్లు దొరుకుతాయి. పాత కంప్యూటరు వెనక 25 రంధ్రాల ఆడ కనెక్టరు ప్యారలల్ పోర్టు. 25 పిన్నుల మగది సీరియల్. రెంటినీ తికమక పడితే పోర్టు కాలిపోవచ్చు.

తీగలు ఇలా కలపాలి. ఒక వైపు 2 రెండో వైపు 3కి, 3 రెండో వైపు 2కి, 5 రెండో వైపు 5కి. ఆ తర్వాత పాత కంప్యూటరు వైపు కనెక్టర్లోనే 4ను 6తో, 7ను 8తో చిన్న తీగ ముక్కలతో కలపండి. ఈ చివరి పని వదిలేస్తే ఏమీ పనిచేయదు. బయోస్ ఒక్కో అక్షరం పంపే ముందు 6, 8 పిన్నుల మీద అవతలివాడు సిద్ధంగా ఉన్నట్టు గుర్తు రావాలని చూస్తుంది. రాకపోతే పంపదు. పైన కలిపిన రెండు ముక్కలూ ఆ గుర్తును దానికదే అందిస్తాయి. లాప్‌టాప్‌కు 9600 వేగం లెక్కే కాదు కాబట్టి ఆపమని చెప్పే అవసరం రాదు.

లాప్‌టాప్ బదులు సీరియల్ ప్రింటరు పెడితే మాత్రం ఈ అడ్డదారి వద్దు. ప్రింటరు బఫరు నిండినప్పుడు ఆపమని చెప్పే తీగ ఉండాలి, లేకపోతే చీటీ మధ్యలో అక్షరాలు మాయమవుతాయి. 25 పిన్నుల ప్రింటరు కనెక్టరు అయితే కంప్యూటరు 3 నుంచి ప్రింటరు 3కి, కంప్యూటరు 2 నుంచి ప్రింటరు 2కి, 5 నుంచి 7కి, ప్రింటరు 20 నుంచి కంప్యూటరు 6కీ 8కీ వేయండి. ప్రింటరు మెనూలో లేదా డిప్ స్విచ్చుల్లో డీటీఆర్ పద్ధతి (తీగ ద్వారా ఆపమని చెప్పేది) ఎంచుకోండి. ఎక్స్ఆన్-ఎక్స్ఆఫ్ (అక్షరాలు పంపి ఆపమని చెప్పేది) ఎంచుకుంటే మోడ్ దాన్ని పట్టించుకోదు.

ఇక ఆదేశాలు. ఎంఎస్-డాస్ 6.22లో అయినా అంతకు ముందువాటిలో అయినా ఇవే:

మోడ్ కామ్2:96,ఎన్,8,1,పీ
మోడ్ ఎల్‌పీటీ1:=కామ్2:

మొదటిది వేగం 9600, పారిటీ లేదు, 8 బిట్లు, 1 స్టాప్ బిట్ అని చెబుతుంది. చివరి పీ అంటే అవతల సిద్ధంగా లేకపోయినా మళ్లీ మళ్లీ ప్రయత్నించమని. రెండోది ఇచ్చాక ఎల్‌పీటీ1ను కామ్2కు మళ్లించినట్టు తెర మీద మాట వస్తుంది. రాకపోతే మళ్లింపు జరగలేదు. ఈ రెండు వరసలనూ ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో కాంటా ప్రోగ్రాంను పిలిచే వరసకు పైన పెట్టండి. కింద పెడితే ప్రోగ్రాం మూసేదాకా వాటి వంతు రాదు. తీసేయాలంటే మోడ్ ఎల్‌పీటీ1 అని ఒక్కటే కొడితే చాలు.

లాప్‌టాప్ మీద పుట్టీ (సీరియల్ పోర్టుకు వచ్చే అక్షరాలను చూపే ప్రోగ్రాం) తెరవండి. డివైస్ మేనేజర్లో యూఎస్‌బీ కేబుల్‌కు ఏ కామ్ నంబరు వచ్చిందో చూసి, కనెక్షన్ రకం సీరియల్ పెట్టి, ఆ నంబరు, వేగం 9600 ఇవ్వండి. ఎడమ పక్క సెషన్ కింద లాగింగ్‌లో ఆల్ సెషన్ అవుట్‌పుట్ ఎంచుకుని ఫైలు పేరు పెట్టండి. కనెక్షన్ కింద సీరియల్‌లో ఫ్లో కంట్రోల్ నన్ చేయండి. మొదట అక్కడ ఎక్స్ఆన్-ఎక్స్ఆఫ్ ఉంటుంది. విండో కింద ట్రాన్స్‌లేషన్‌లో సీపీ437 (డాస్ నాటి అక్షర పట్టిక) ఎంచుకుంటే చీటీ గీతలు గీతలుగానే కనబడతాయి.

ఇప్పుడు ప్రింట్ స్క్రీన్ నొక్కండి. 25 వరసలు, వరసకు 80 అక్షరాలు, వరస చివరి గుర్తులతో కలిపి సుమారు 2050 బైట్లు. 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలు వెళ్తాయి. కాబట్టి తెర మొత్తం 2 సెకన్లు దాటి కొంచెంలో వచ్చేయాలి. అంతకన్నా చాలా ఎక్కువసేపు పట్టి, అక్షరాలు కూడా పిచ్చివైతే పాత కంప్యూటరు 9600 కన్నా తక్కువ వేగం మీద ఉండిపోయింది, మొదటి మోడ్ వరస అమలు కాలేదు.

తప్పు ఎక్కడుందో చీటీని చూసే పట్టుకోవచ్చు. అడ్డగీత ఉండాల్సిన చోట వరసగా డీ అక్షరాలు, నిలువు గీత చోట 3 వస్తుంటే 8 బిట్ల బదులు 7 బిట్లు పోతున్నాయి. గీతకు బయోస్ పెట్టే సంఖ్యలో పైబిట్టు తెగితే మిగిలేది సరిగ్గా ఆ అక్షరాలే. అడ్డగీతల చోట నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు 'ఏ' అక్షరాలు కనబడితే తీగలో తప్పేమీ లేదు. ఫైలు సరిగానే ఉంది, విండోస్ దాన్ని వేరే అక్షర పట్టికతో చూపిస్తోంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ కింద ఓఈఎం-యూఎస్ ఎంచుకోండి. అక్షరాలు అప్పుడప్పుడూ రాలిపోతుంటే కనెక్టరు చూడండి. మిల్లులో ఊక దుమ్ము, తౌడు పొడి పిన్నుల మీద పొరలా పేరుకుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది. రెండు కంప్యూటర్లూ ఒకే ఎర్త్ మీద ఉండాలి. వేర్వేరు ఫేజుల ప్లగ్గుల మీద, ఎర్త్ సరిగా లేని చోట, కేబుల్ తగిలించేటప్పుడే సీరియల్ చిప్ పోతుంది. అందుకే రెంటినీ ఆపివేసి కలపండి.

చీటీ ప్రింటరులోంచి బయటికి రాకపోతే

ప్రింట్ స్క్రీన్ చివర ఫామ్ ఫీడ్ పంపదు. డాట్ మ్యాట్రిక్స్‌కు అది అక్కరలేదు. లేజర్ ప్రింటరు మాత్రం పేజీ నిండేదాకా ఎదురుచూస్తుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, కాగితం రాదు. ప్రాంప్టు దగ్గర ఎకో అని కొట్టి, స్పేసు, కంట్రోల్ పట్టుకుని ఎల్, స్పేసు, > ఎల్‌పీటీ1 అని కొట్టండి. కాగితం బయటికి వస్తుంది.

అన్ని లేజర్లకూ ఇది వర్తించదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కానన్ ఎల్‌బీపీ2900 లాంటివి కంప్యూటరులోని డ్రైవరు పేజీని చిత్రంగా తయారు చేసి పంపితేనే అచ్చు వేస్తాయి. వట్టి అక్షరాలు పంపితే వాటికి అర్థం కాదు. డాస్ చీటీకి టీవీఎస్ ఎంఎస్‌పీ, ఎప్సన్ ఎల్‌ఎక్స్ లాంటి డాట్ మ్యాట్రిక్స్, లేదా పీసీఎల్ అనే ప్రింటరు భాష తెలిసిన లేజర్ కావాలి.

గీతల బదులు వాలు అక్షరాలు వస్తుంటే ప్రింటరు ఇటాలిక్ పట్టికలో ఉంది. మెనూలో పీసీ437 పెట్టండి. మెనూ అందకపోతే మూడు బైట్ల ఫైలు చేయండి. డీబగ్‌లో 'ఈ 100 1బీ 74 01' అని కొట్టి, ఆర్ సీఎక్స్ కొట్టి 3 ఇచ్చి, ఎన్ టీబీఎల్.పీఆర్ఎన్, డబ్ల్యూ, క్యూ వరసగా కొట్టండి. తర్వాత కాపీ /బీ టీబీఎల్.పీఆర్ఎన్ ఎల్‌పీటీ1. ఎప్సన్ పద్ధతి పాటించే ప్రింటర్లు గీతల పట్టికకు మారతాయి. ప్రింటరు ఆపితే మళ్లీ పాత పట్టికకే పోతుంది కాబట్టి ఈ కాపీ వరస కూడా ఆటోఎగ్జెక్‌లో పెట్టండి.

తెర అక్షరాల పద్ధతిలో కాకుండా బొమ్మల పద్ధతిలో ఉంటే ప్రింట్ స్క్రీన్ చెత్త ఇస్తుంది. అలాంటప్పుడు ప్రోగ్రాం కన్నా ముందు గ్రాఫిక్స్ అనే డాస్ ఆదేశం ఒకసారి ఇవ్వాలి.

ప్రింటరు లేకుండా ఎవరో పొరపాటున ప్రింట్ స్క్రీన్ కొడితే యంత్రం కాసేపు బిగుసుకుపోతుంది. పైన చెప్పిన పీ మాట పెట్టిన సీరియల్ దారిలో అయితే కంట్రోల్-బ్రేక్ కొట్టేదాకా విడవదు. లారీలు వరసలో ఉన్నప్పుడు ఇది పెద్ద తిప్పలు. మీటనే పనిచేయకుండా చేయాలంటే డీబగ్‌లో 'ఈ 50:0 1' కొట్టండి. అచ్చు ఇప్పటికే నడుస్తోందనుకుని బయోస్ మీటను పట్టించుకోదు. తిరిగి కావాలంటే 'ఈ 50:0 0'.

విండోస్ లోపల నడుస్తుంటే

డీబగ్‌తో పట్టిక మార్చే పద్ధతి శుద్ధమైన డాస్‌కే. విండోస్ 98లో డాస్ పెట్టెలో ప్రింట్ స్క్రీన్ కొడితే తెర క్లిప్‌బోర్డుకు పోతుంది. ప్రోగ్రాం షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో మిస్క్ ట్యాబు తెరిచి, విండోస్ షార్ట్‌కట్ కీల కింద పీఆర్‌టీఎస్‌సీ టిక్కు తీసేస్తే మీట ప్రోగ్రాంకు అందుతుంది.

విండోస్ ఎక్స్‌పీలో, 32 బిట్ల విండోస్ 7లో ప్రోగ్రాం పంపే చీటీని యూఎస్‌బీ ప్రింటరుకు పంపవచ్చు. ప్రింటరును షేర్ చేసి 8 అక్షరాలు మించని, స్పేసు లేని పేరు పెట్టండి. తర్వాత

నెట్ యూజ్ ఎల్‌పీటీ1: \\మిల్లు2\కాంటా /పర్సిస్టెంట్:యెస్

అని ఇవ్వండి. మిల్లు2 చోట మీ కంప్యూటరు పేరు, కాంటా చోట షేర్ పేరు. ప్రింటరు అదే కంప్యూటరుకు తగిలించి ఉన్నా ఇలాగే ఇవ్వాలి. అయితే నెట్‌వర్క్ కేబుల్ ఊడి ఉన్నప్పుడు ఎక్స్‌పీ తన పేరును తనే గుర్తుపట్టదు. యాడ్ హార్డ్‌వేర్‌లోంచి మైక్రోసాఫ్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్ వేస్తే అది తీరుతుంది. పరిమితి ఉన్న యూజర్ లాగిన్‌లో యాక్సెస్ కుదరదని వస్తే, బోర్డు మీద నిజమైన ఎల్‌పీటీ1 ఉండడం వల్లే. డివైస్ మేనేజర్లో దాన్ని డిసేబుల్ చేయండి. చీటీ 15 సెకన్లు ఆగి వస్తుంటే రిజిస్ట్రీలో కంట్రోల్ కింద వావ్ అనే చోట ఎల్‌పీటీ_టైమౌట్ 15 నుంచి 3కు తగ్గించండి. మరీ 1 పెడితే పొడవు చీటీ రెండు ముక్కలుగా పడుతుంది.

యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుల్ కొంటే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది విండోస్‌లో యూఎస్‌బీ ప్రింటరుగా కనబడుతుందే గానీ 378 దగ్గర పోర్టును సృష్టించదు. శుద్ధమైన డాస్‌కు అసలు కనబడదు. నెట్ యూజ్‌తో కలిపి వాడితేనే దాని వల్ల ఉపయోగం.

64 బిట్ల విండోస్ మీద 16 బిట్ల ప్రోగ్రాం నేరుగా నడవదు. అక్కడ, డాస్‌ను అనుకరించే ప్రోగ్రాం అయిన డాస్‌బాక్స్-ఎక్స్ వేసుకుని, దాని సెట్టింగుల ఫైల్లో ప్యారలల్ విభాగం కింద

ప్యారలల్1=ఫైల్ అపెండ్:సీ:\చీటీలు.టీఎక్స్‌టీ టైమౌట్:1500

అని పెడితే ప్రోగ్రాం పంపే చీటీలన్నీ ఒక ఫైల్లో వరసగా చేరతాయి. సీ డ్రైవు మూలంలో రాసే అనుమతి లేకపోతే సొంత ఫోల్డరు దారి ఇవ్వండి. ఫోల్డరు పేరులో స్పేసు ఉండకుండా చూసుకోండి.

ఏ పద్ధతి పెట్టినా పాత ప్రింటరు తీసేసే ముందు ఒక లారీకి రెండు చోట్లా చీటీ తీసి, రెండింటిలో నెట్ బరువు అంకె అంకెకూ సరిపోల్చండి. రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఆ అంకె మీదే తయారవుతుంది. ఒక్క అక్షరం రాలినా 14250 కిలోలు 1425 అవుతుంది.